ఖాళీగా కాలిన ఇస్త్రీపెట్టె

కోటు మెడపట్టీ మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఒంటి బరువంతా మోపి నొక్కాడు కత్తెరాయన. బుస్సుమంటూ లేవాల్సిన ఆవిరి లేవలేదు. పెట్టె ఎత్తి, వేలు నాలుకకి అద్దుకుని అడుగున తాకించి చూశాడు. చుర్రుమనలేదు. ఆఖరికి అరచెయ్యి మొత్తం ఆనించాడు. జ్వరం దిగిపోతున్న మనిషి నుదురులా గోరువెచ్చగా ఉంది.

"ఏమేవ్, ఫ్యూజు పోయినట్టుంది చూడు!" అని కేకేశాడు.

"ఫ్యూజు పోతే మీ నెత్తిమీద దీపం ఎలా వెలుగుతోంది?" అంది భార్య లోపలి గదిలోంచి. కాజాలు కుట్టే దారం కొస పంట పట్టుకుని ఉండటంతో ఆ మాట సగం నములుకుంటూ వచ్చింది.

నిజమే. దీపం వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. ఇస్త్రీపెట్టె ఒక్కటే చచ్చింది.

కోటు కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్న బ్యాంకు గుమాస్తా సంగతి గ్రహించి నవ్వాడు. "మేస్త్రీ, చివరికి మీ ఇంటికీ వచ్చిందన్నమాట మా ఇళ్ళ జబ్బు! వీధి మొత్తానికీ దానికి లొంగని మొనగాడు మీరొక్కరేనని చెప్పుకునేవాళ్ళం."

కత్తెరాయన మొహం కందగడ్డలా చేసుకున్నాడు.

ఆ జబ్బు సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఆ వీధిలో పొద్దు వాలిందంటే చాలు, పనుల నుంచి తిరిగొచ్చిన జనమంతా ఒకేసారి కరెంటు మీద పడేవాళ్ళు. ఒకరు గీజరు, ఒకరు ఏసీ, ఒకరు బట్టల మిషను. వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలేది. ఇక ఎవరి ఇంట్లో వాళ్ళు చీకట్లో కూర్చుని, పక్కింటివాడి ఏసీ వల్లే పోయిందని పక్కింటివాణ్ణి తిట్టుకునేవాళ్ళు. అది చూసి చూసి కరెంటాఫీసు వాళ్ళు ప్రతి మీటరు పక్కనా ఒక చిన్న పెట్టె బిగించారు. అది దీపాల జోలికీ ఫ్యాన్ల జోలికీ రాదు. గీజరు, ఏసీ, ఫ్రిజ్జు, బట్టల మిషను, ఇస్త్రీపెట్టె, ఇలాంటి పెద్ద తిండిగాళ్ళ జోలికే వస్తుంది. సాయంత్రం అందరూ ఎగబడే వేళకి వాటి ముందు వడ్డించేవాడిలా నిలబడి గరిటె తగ్గిస్తుంది. ఫ్రిజ్జు కాసేపు కునుకు తీస్తుంది. గీజరు తన వంతు కోసం ఎదురు చూస్తుంది. బట్టల మిషను సగం తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది. జనం భోజనాలు ముగించేసరికి అన్నీ మళ్ళీ మామూలే. ట్రాన్స్‌ఫార్మరు పేలడం మానేసింది. పెట్టెని తిట్టాల్సిన పనేమీ లేదు. కానీ మనిషికి తిట్టడానికి ఏదో ఒకటి ఉండాలిగా, కాబట్టి వీధంతా దాన్నే తిట్టింది.

కత్తెరాయన తిట్టలేదు. ఎందుకంటే నాలుగేళ్ళుగా ఎంత ఒత్తిడి వేళలోనూ అతని ఇస్త్రీపెట్టె ఒక్కసారి కూడా చల్లారలేదు. దానికి అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. "పొద్దు వాలకముందే వేడెక్కించెయ్యాలి. అప్పటికే కాలుతున్నదాన్ని ఆపే దమ్ము దానికి లేదు," అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎదురింటి సెలూను ఆయన ఆ మాట నమ్మి మిట్ట మధ్యాహ్నమే గీజరు వేశాడు. సాయంత్రానికి అది ఎప్పటిలాగే నిద్రపోయింది. "చేతకానివాడికి ఉపాయం చెప్పడం నాదే బుద్ధి తక్కువ," అన్నాడు కత్తెరాయన.

చదువు నాలుగు అక్షరాల దగ్గర ఆగిపోయినవాడికి తన తెలివి మీద తనకి ఉండే మోజు అంతా ఇంతా కాదు.

గుమాస్తా లేచాడు. "రేపు పొద్దున వచ్చి తీసుకుంటాలెండి. మధ్యాహ్నం దాకా తొడుక్కునే పని లేదు."

అతను వీధిలోకి దిగాడో లేదో, కత్తెరాయన చేతిలోకి కత్తెర వచ్చింది. దాని వెనకభాగంతో పడమటి గోడ మీద టపటపా బాదాడు.

"ఏరా! ఇప్పుడు చల్లారిందా నీ కడుపు? నా పొట్ట మీద కొట్టావురా!"

ఆ గోడకి అవతల ఉండేది అతని తమ్ముడు. పిల్లనిచ్చేవాళ్ళు అడిగితే తప్ప ఆ సంగతి అన్నదమ్ములిద్దరూ చెప్పుకోరని వీధిలో ఒక పాత జోకు. తండ్రి కట్టిన ఒకే ఇల్లు, ఒకే దుకాణం. పెద్దవాడు కత్తిరించేవాడు, చిన్నవాడు కుట్టేవాడు. వీధి వాళ్ళకి ఒకడు కత్తెర, ఇంకొకడు సూది. ఒకసారి ఒక పెద్దమనిషికి కుట్టిన కోటుకి కుడి భుజం జారింది. కుట్టు తప్పన్నాడు కత్తెర. కత్తిరింపు తప్పన్నాడు సూది. ఆ పెద్దమనిషి కోటు ఇద్దరి మొహానా కొట్టి వెళ్ళిపోయాడు. తప్పెవరిదో తేలకుండానే దుకాణం రెండైంది, ఇల్లు రెండైంది, మధ్యలో గోడ లేచింది. కత్తెర విడదీస్తుంది, సూది కలుపుతుంది అని సూక్తులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ గోడ కట్టేటప్పుడు ఇటుకలు అందించింది ఇద్దరూనూ.

గోడ కట్టారు గానీ మీటరు పంచుకోలేకపోయారు. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలిన వరండాలో ఒకటే మీటరు, దాని పక్కన ఒకటే పెట్టె. వేరే మీటరు కావాలంటే ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్ళాలి. చావనైనా చస్తారు గానీ కలిసి నాలుగడుగులు వేస్తారా?

గోడ అవతల నుంచి బదులు రాలేదు. గీజరు చప్పుడు మాత్రం వస్తోంది. సన్నగా, ఎడతెగకుండా, కడుపు నిండినవాడి గురకలా.

ఆ చప్పుడు వింటే కత్తెరాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే గీజరు ఆ వేళప్పుడు మోగడం అతను విని ఏడాది దాటింది. తమ్ముడి స్నానాలగది సరిగ్గా ఇస్త్రీ బల్ల వెనకే. ఒక సాయంత్రం ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసేసరికి అవతల టిక్కుమని గీజరు మోగడం మొదలైంది. మళ్ళీ వేస్తే టిక్కుమని ఆగింది. తీశాడు, వేశాడు. నాలుగుసార్లు చేసి చూశాక సంగతి బోధపడింది. తన ఇస్త్రీ కాలుతున్నంతసేపూ తమ్ముడి నీళ్ళు కాగవు.

"సాయంత్రాలు వేడినీళ్ళ స్నానం కావాలట జమీందారుకి!" అనుకున్నాడు. ఆ రోజు మొదలు పొద్దు వాలితే చాలు, బట్టలున్నా లేకపోయినా ఇస్త్రీపెట్టె బల్ల మీద నిలబడి కాలేది. అతను కుర్చీ వేసుకుని కూర్చుని గోడ అవతలి నిశ్శబ్దం వినేవాడు. రేడియో పాట వినేవాడికి కూడా అంత తృప్తి ఉండదు.

"ఊరికే కాలుతోంది. తీసెయ్యనా?" అని భార్య అడిగేది.

"కాలనీ," అనేవాడు.

కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది.

ఇప్పుడు ఆవిడ గదిలోంచి వచ్చి కత్తెర అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. "పొద్దున ఇస్త్రీ చేసుకోవచ్చు. అరవకండి. అవతల కాస్త కన్ను మూసి ఉంటారు."

"ఎవరు? ఈ వేళప్పుడు నిద్రేమిటి?"

ఆవిడ కాజాల గుడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పక్క మాట ఈ పక్క ఎత్తకూడదని ఆ ఇంట్లో శాసనం. చేసినవాడు అతనే. మరదలికి ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయి మంచాన పడిందన్న కబురు కూడా అతనికి వీధి వాళ్ళ నోట తెలిసిందే. అప్పుడు కూడా "అయ్యో" అన్న మాట గొంతు దాకా వచ్చి, దారి తప్పినట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఇస్త్రీపెట్టె బుద్ధిమంతుడిలా కాలింది. కోటు గుమాస్తాకి ఇచ్చేసి, చొక్కా తొడుక్కుని, కరెంటమ్మ కోసం బయల్దేరాడు.

కరెంటమ్మ అంటే ఆ వీధి పెట్టెలన్నీ బిగించిన మనిషి, చెడిపోతే బాగుచేసే మనిషి. నడివయసు, గట్టి గొంతు, నడుముకి పనిముట్ల పటకా. వెతకాల్సిన పని లేకపోయింది. సెలూను వాకిట్లో చిన్న నిచ్చెన మీద నిలబడి పెట్టె మూత విప్పుతోంది. సెలూను ఆయన ఒక గిరాకీ చెంపకి నురగ పూస్తూ చెవి ఇటే వేశాడు.

"ఏమ్మా కరెంటమ్మా, నా ఇస్త్రీపెట్టె పీక ఎవరు నొక్కారు?"

"నేనే," అంది ఆవిడ, మరమేకుల మీంచి చూపు తిప్పకుండా.

"ఎంత నిబ్బరంగా చెప్తున్నావు! నీకేం ద్రోహం చేశాను?"

"నాకేం చెయ్యలేదు మేస్త్రీ గారూ. సాయంత్రం పూట మీటరుకి ఇంత అని వంతు ఉంటుంది. అందులో ఆపకూడని ప్లగ్గు అని ఒక్కటి రాయించుకోవచ్చు. అది కాలుతున్నంతసేపు మిగతావి ఆగాల్సిందే. ఇన్నాళ్ళూ ఆ ఒక్కటి మీ ఇస్త్రీ. నిన్న పొద్దున మార్చాను. ఇప్పుడది అటు వాటా గీజరు."

కత్తెరాయనకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "అదేమిటి? నేను పొద్దు వాలకముందే వేడెక్కించేవాణ్ణి. అందుకేగా అది ఆగనిది..."

సెలూను ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. గిరాకీ నురగ మొహంతోనే తల తిప్పాడు.

"ముందే వేడెక్కితే ఆగదా?" అంది కరెంటమ్మ. "పెట్టెకి మొహమాటం ఉంటుందనుకున్నారా, పాపం కాలుతున్నాడు కదా అని ఊరుకోవడానికి?"

సెలూనంతా గొల్లుమంది. సెలూను ఆయన నాలుగేళ్ళ బాకీ తీర్చుకున్నట్టు నవ్వాడు. "నాకు చేతకాదన్నావు కదయ్యా కత్తెరా! నీ చేతనైందేమిటో ఇప్పుడు తెలిసింది."

కత్తెరాయన ఆ నవ్వుని పట్టించుకునే స్థితిలో లేడు. "మరి నా ఇస్త్రీ పేరు రాయించింది ఎవరు? నేను చెప్పలేదే."

"మీరెక్కడ చెప్పారు? పెట్టె బిగించిన రోజు మీ తమ్ముడు వరండాలో ఉన్నాడని మీరు లోపల గొళ్ళెం వేసుకుని కూర్చున్నారు. రెండుసార్లు తలుపు కొట్టాను. లోపల కుర్చీ కదిలిందే గానీ తలుపు కదల్లేదు. ఒక్క ప్లగ్గే అవుతుంది, ఎవరిది రాయమంటారని ఆయన్నే అడిగాను. 'అన్న ఇస్త్రీ రాయండి. డెలివరీలన్నీ సాయంత్రమే. ఇస్త్రీ లేకపోతే కోటు కోటు కాదు, గోనెసంచి,' అన్నాడు."

ఇస్త్రీ లేకపోతే కోటు గోనెసంచి. అది తండ్రి మాట. కత్తెరాయన చెవుల్లో ఆ మాట తమ్ముడి గొంతుతోనే మోగింది. అతను దాన్ని వదిలించుకోవడానికి తల విదిలించాడు. జాలి పుట్టుకొచ్చే చోట కోపం ముందే పీట వేసుకుని కూర్చుని ఉంది.

"అంటే ఇప్పుడు వాడే తీయించాడన్నమాట! ఇచ్చిన చేత్తో లాక్కున్నాడు!"

"ఆయన కాదు. ఆవిడ."

"మరదలా? ఆవిడకి మాటే రాదు!"

కరెంటమ్మ నిచ్చెన దిగింది. ఈసారి అతని మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది, సెలూను వినకుండా. "ఒక్క మాట వచ్చింది. మంచం మీంచి మంచి చెయ్యి ఎత్తి మీ గోడ వైపు చూపించి, 'చాలు' అంది. ఆ మాట కోసం ఆవిడ ఎంత పెనుగులాడిందో చూసిన నేనే చెప్పలేను. ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఆవిడ చెయ్యి దించలేదు. నేను మార్చేశాను."

"నిన్ను అక్కడికి పిలిచింది ఎవరు?"

"అది మీ ఇంట్లో అడగండి," అని కరెంటమ్మ నిచ్చెన భుజాన వేసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. అతను చెప్పులు విడవకుండానే గదిలోకి వచ్చాడు.

"కరెంటమ్మని పిలిచింది నువ్వా?"

"నేనే."

"నా పొట్ట కొట్టడానికి నువ్వే పిలిచావా?"

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి, గుడ్డ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ అలా పని పక్కన పెట్టి అతనితో మాట్లాడటం ఇదే మొదలు.

"మొన్న సాయంత్రం అవతల గిన్నె పడిన చప్పుడు మీరు విన్నారు."

విన్నాడు. పెద్ద చప్పుడు. దాని వెంట ఒక అరుపు. తమ్ముడి ఇంట్లో ఏదో పగిలింది, పగలనీ అనుకున్నాడు.

"మీరు నవ్వారు," అంది ఆవిడ.

అతను వంగి చెప్పులు విడిచాడు.

"అది కాగిన నీళ్ళ గిన్నె. ఆవిడకి పొద్దస్తమానం మంచమే కదా, వీపు పుండ్లు పడకుండా రోజూ వేడినీళ్ళతో ఒళ్ళు తుడవాలన్నారు. పగలంతా మిషను మీద ఉండి, సాయంత్రం ఆయన చేసే పని అది. గీజరులో నీళ్ళు కాగవు. పొయ్యి మీద కాచి, వంటగది నుంచి మంచం దాకా మోసుకెళ్ళేవాడు. ఏడాది నుంచీ. మొన్న కాలు జారింది."

"ఎవరి మీద..."

"ఆవిడ మీద పడలేదు. పడకుండా గిన్నెని తన వైపు ఒంపుకున్నాడు. రెండు చేతులూ."

కత్తెరాయన గోడని ఆసరా చేసుకున్నాడు. ఆ గోడనే.

"రెండు చేతులా?"

"కుడి చెయ్యి మోచేతి దాకా. ఎడమది వేళ్ళు. చర్మం వస్తుందట. వేళ్ళు ఇదివరకులా ముడుచుకుంటాయా అంటే ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. కుట్టుపని చేసుకోగలడా అని అడిగితే మాట మార్చాడు."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్నారు. అది ఎంతకీ అందుకోవడం లేదు. కాసేపటికి అందుకుని వెళ్ళిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి. దొంగ దొరికిపోయాక అడిగే ప్రశ్నలా ఉంది అది, అతని చెవికే.

"ఏది చెప్పలేదు? ప్లగ్గు సంగతి చెప్పొద్దని మరిదే అన్నాడు. 'చెబితే ఇస్త్రీపెట్టె పీకి వీధిలో పారేస్తాడు వదినా, వాడి సంగతి నాకు తెలీదా' అన్నాడు. మిగతాది చెప్పకపోవడానికి మీ శాసనం ఉండనే ఉంది." ఆవిడ గోడ వైపు చూసింది. "నీళ్ళు కాగడం లేదని ఆయన ఒక్కనాడు కూడా మిమ్మల్ని తిట్టుకోలేదండీ. 'అన్నకి ఈ మధ్య చేతినిండా పని ఉన్నట్టుంది వదినా, రోజూ పొద్దుపోయేదాకా ఇస్త్రీ చేస్తున్నాడు, పోనీలే' అనేవాడు. సంతోషంగా అనేవాడు. నేనేం చెప్పను? ఖాళీగా కాలుతోందని చెప్పనా?"

ఆవిడ ఒళ్ళోకి మళ్ళీ గుడ్డ తీసుకుంది. కానీ కాజా కుట్టలేదు. గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కత్తెరాయన ఒక ప్యాంటు గుడ్డ బల్ల మీద పరిచాడు. సుద్దతో గీత గీశాడు. గీత వంకరపోయింది. చెరిపి మళ్ళీ గీశాడు. కత్తెర ఎత్తాడు, దించాడు. గిరాకీలు ఇద్దరు వచ్చారు, రేపు రమ్మన్నాడు. అన్నం పెడితే తిన్నాడు, ఏం తిన్నాడో తెలియదు. అతని బుద్ధి ఒకటే లెక్క తిప్పి తిప్పి వేస్తోంది. ఇస్త్రీ తీసేస్తే గీజరు మోగేది. నిజంగా బట్టలున్న రోజులు వారానికి ఎన్ని? మిగతా రోజులన్నీ ఆ నీళ్ళు కాగేవి. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క అతని వైపు మొగ్గడం లేదు. తనకి తెలియదుగా అన్న ఒక్క సాకు చేతిలో మిగిలింది. దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. అది కూడా జాలీగుడ్డలా ఉంది, అవతలిదంతా కనిపిస్తోంది. వేడినీళ్ళు ఎవరికని తను ఒక్కసారి కూడా అడగలేదు. మంచాన పడిన మనిషి ఉన్న ఇల్లని తెలుసు. తెలిసి, జమీందారు స్నానం అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు పెట్టుకుంటేనే కూర్చుని వినడానికి బాగుండేది మరి.

పొద్దు వాలింది. అలవాటుగా చెయ్యి ఇస్త్రీ స్విచ్చి మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. ప్లగ్గు ఊడబెరికి, తీగ పెట్టెకి చుట్టి, బల్ల కింద పెట్టాడు. అలా చేసినా చెయ్యకపోయినా గీజరుకి ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. చెయ్యాల్సిన రోజుల్లో చెయ్యని పని, అవసరం తీరిపోయాక చేశాడు. లోకంలో మంచిపనులు చాలా మటుకు ఈ జాతివే.

గోడ అవతల టిక్కుమంది. గీజరు మొదలైంది.

అతను వరండాలోకి వచ్చాడు. తన గుమ్మానికీ తమ్ముడి గుమ్మానికీ మధ్య ఒక కోటు గుడ్డ పొడుగ్గా పరిచేంత దూరం కూడా లేదు. మధ్యలో మీటరు, దాని పక్కన పెట్టె, దాని మీద చిన్న పచ్చదీపం. ఆ దీపం ముందు ఆగాడు. వెనక భార్య గాజుల చప్పుడు వినబడింది. ఆవిడ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, కానీ ముందుకి తొయ్యలేదు.

తమ్ముడి తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాడు.

గదిలో ఒక వైపు మిషను, దాని పక్కన బడిపిల్లల నీలం చొక్కాల గుట్ట, సగం కుట్టినవి, సగం ముక్కలు. ఇంకో వైపు మంచం. మధ్యలో కుర్చీలో తమ్ముడు. ఒళ్ళో దిండు, దిండు మీద రెండు చేతులు, కుడిచేతికి మోచేతి దాకా, ఎడమచేతికి వేళ్ళ చుట్టూ తెల్లటి కట్లు. ఎవరివో బరువైన సామాన్లు కాపలాకి పెట్టుకుని కూర్చున్నవాడిలా ఉన్నాడు. జుట్టు నెరిసింది. అది ఎప్పుడు నెరిసిందో అన్నకి తెలియదు.

తమ్ముడు తలెత్తాడు. ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత మొహంలో నొచ్చుకున్న కళ వచ్చింది, అప్పు తీర్చలేనివాడిలా.

"ఇస్త్రీ కోసం వచ్చావా అన్నా? నిన్న నువ్వు గోడ కొట్టడం విన్నాను. ఒక్క నెల ఓర్చుకో. ఈ కట్లు విప్పగానే ప్లగ్గు మళ్ళీ మార్పించేస్తాను."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఎత్తిపొడుపుకి బదులు చెప్పడం కత్తెరాయనకి చేతనవును. దీనికి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

మంచం మీద మరదలు కళ్ళు తెరిచే ఉంది. అతన్ని చూసింది. చూసి, మెల్లగా, చాలాసేపు పట్టేంత మెల్లగా, మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఆ చొక్కాలు ఎవరివి?" అన్నాడు కత్తెరాయన. లోపల పేరుకున్న మాటలన్నిటిలోనూ గొంతులోంచి బయటికి పట్టింది అదొక్కటే.

"బడి వాళ్ళవి. రేపో మాపో మనిషిని పంపించి ముక్కలు తీసుకుపొమ్మంటాను. ఇంకెవరిచేతనైనా కుట్టించుకుంటారు."

"ఎవరిచేతనో ఎందుకు? నేను కుడతాను."

తమ్ముడు అతన్ని ఎగాదిగా చూశాడు. పెదవి కొస కొంచెం వంగింది. "నువ్వా? నీకు మిషను తొక్కడం ఎక్కడొచ్చు? దారం ఎక్కించమంటే నాన్న దగ్గర తన్నులు తిన్నావు."

"నువ్వు చెప్పు. నేను కుడతాను."

తమ్ముడు తల అడ్డంగా ఊపబోయాడు. ఎందుకో మానుకున్నాడు. మిషను వైపు గడ్డంతో చూపించాడు.

కత్తెరాయన కూర్చున్నాడు. దారం సూదిలోకి ఎక్కలేదు. కొస నాలుకకి అద్దుకుని నలిపాడు, కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. తమ్ముడి చేతులు దిండు మీంచి ఇంత లేచి, లేవలేక మళ్ళీ పడ్డాయి. అతని వెనకే వచ్చి ఈ గుమ్మంలో నిలబడ్డ భార్య లోపలికొచ్చి దారం ఎక్కించి, మంచం దగ్గరికి వెళ్ళి మరదలి జుట్టు సర్దింది.

స్నానాలగదిలో గీజరు టిక్కుమని ఆగింది. నీళ్ళు కాగాయి.

"బకెట్టు పట్టాలి," అంది భార్య, ఎవరితోనూ కానట్టు.

కత్తెరాయన లేచాడు. కుళాయి కింద బకెట్టు పెట్టి తిప్పాడు. ఆవిరి మొహానికి కొట్టింది. సరిగ్గా ఈ గోడ అవతలే తన ఇస్త్రీ బల్ల. ఇటువైపు నుంచి చూస్తే ఆ గోడ మరీ పల్చగా ఉంది. నిండిన బకెట్టు రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ మంచం దాకా తెచ్చి దించాడు. ఒక చుక్క ఒలికి పాదం మీద పడింది. చురుక్కుమంది. కాలు వెనక్కి తీసుకోలేదు.

మరదలు ఇటు తిరగలేదు. తిరగమని అడిగే హక్కు తనకి లేదన్నంతవరకు అతనికి అర్థమైంది.

ఆడవాళ్ళకి అడ్డంగా తెర లాగి, మిషను దగ్గరికి వచ్చి, నీలం చొక్కా ఒకటి తీసుకుని చెయ్యి ముక్కని భుజానికి ఆనించి తొక్కాడు. మిషను దడదడలాడింది. కుట్టు తాగుబోతు నడకలా పోయింది.

"విప్పు," అన్నాడు తమ్ముడు.

విప్పాడు. మళ్ళీ కుట్టాడు.

"విప్పు. గుడ్డని లాగకు. అది వెళ్తుంది, నువ్వు వెంట ఉండు అంతే. భుజం దగ్గర జాగ్రత్త. జారేది అక్కడే."

కత్తెరాయన చెయ్యి ఆగింది. తమ్ముడు కూడా తన నోటి వెంట వచ్చిన మాట విన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తెర వెనక తడిగుడ్డ పిండిన చప్పుడు, గోరువెచ్చని నీళ్ళు బకెట్టులోకి తిరిగి పడిన చప్పుడు.

కత్తెరాయన దారం పోగు పళ్ళతో కొరికి, వంకర కుట్టు మళ్ళీ మొదటి నుంచి విప్పడం మొదలుపెట్టాడు.